పళ్ల డాక్టరుగారి సోఫా

మా నాన్న కుర్చీలు బాగుచేసే మేస్త్రి. అందుకే కాబోలు, మా ఇంట్లో సరిగ్గా నిలబడే కుర్చీ ఒక్కటీ ఉండేది కాదు. ఒకదాని కాలి కింద అట్టముక్క ఉండవలసిందే. ఇంకొకదానికి వీపు లేదు. మరొకదాని మీద కూర్చోవడానికి అభ్యాసం కావాలి. ఎరగనివాళ్లు కూర్చుంటే గోడవైపు ఒరిగిపోయేది. ఊరందరి కుర్చీలకూ వైద్యం చేసే మనిషికి ఇంటి కుర్చీల వంక చూచే తీరిక ఎన్నడూ చిక్కలేదు. ఈ విషయమై రోజుకొక మాటైనా విసరనిదే నాయనమ్మకు పొద్దుపోయేది కాదు.

నాన్న దుకాణం మా సందు చివర రేకుల షెడ్డులో ఉండేది. అక్కడ మాత్రం ఆయన పద్ధతి వేరు. పని పూర్తయిన వస్తువు మీద దుకాణంలో ఎవరూ కూర్చోకూడదు, తాను సహా. గుడ్డ వేసి, మేకులు కొట్టి, పాలిష్ ఆరిన మరుక్షణం దానిమీద శుభ్రమైన దుప్పటి కప్పేవాడు. సొంతదారు వచ్చి, దుప్పటి తీసి, ముందుగా తానే కూర్చోవాలి. ఒక మధ్యాహ్నం పనివాడొకడు కొత్తగా గుడ్డ మార్చిన దివాను మీద నడుం వాల్చాడని తెలిసి, కేక అయినా వేయకుండా, ఆ పూట కూలి చేతిలో పెట్టి పంపించివేశాడు. ఈ నియమం ఊళ్లో తెలిసినవాళ్లందరికీ తెలుసు. నాన్నకు పని వచ్చేది చేతినేర్పు వల్ల ఎంతో, ఈ నియమం వల్ల అంతే.

నేను చెప్పబోయేది అక్క పాఠశాల చదువు ముగించిన వేసవి సంగతి. అక్క నాకంటె ఒక తరగతి ముందు.

అక్కకు ఏం కావాలో మా ఇంట్లో అందరికీ స్పష్టంగా తెలుసు. అది తెలియడానికి కారణం బస్సుల్లో టిక్కెట్లు కొట్టి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ముసలి కండక్టరు. ఆయనకు మోకాలి కింద కొయ్యకాలు. మొండికాలికి తగిలే చోట తోలు అరిగి పుండు పడుతున్నదని, ఒకనాడు ఆ కాలు ఊడదీసి సంచిలో పెట్టుకొని, చంకకర్రల మీద నాన్న దుకాణానికి వచ్చాడు. సోఫాలకు దూది కూరేవాడు కాలికి కూరలేడా అన్నది ఆయన తర్కం. నాన్న వెనుకాడాడు. అక్క ఆ కాలిని ఒళ్లో పెట్టుకొని, ఎక్కడ ఒత్తుకుంటున్నదో ఆయన చేతనే సుద్దముక్కతో గుర్తు పెట్టించి, లోపలి మెత్త విప్పి, పొరలు పొరలుగా మళ్లీ కుట్టింది. కండక్టరు దాన్ని తగిలించుకొని సందు చివరిదాకా నడిచి వెళ్లి, వెనక్కి వచ్చి, అక్క తలమీద చెయ్యి పెట్టాడు. అప్పటినుంచి ఆమెకు మరొక ధ్యాస లేదు.

కృత్రిమ అవయవాల తయారీకి ఒక చదువున్నదనీ, దూరనగరంలోని పెద్దాసుపత్రికి అనుబంధంగా ఆ శిక్షణాలయం నడుస్తున్నదనీ కనిపెట్టి చెప్పింది భూగోళం మేడమ్. నాన్న ఆ రాత్రి భోజనాల దగ్గర ఎంతో హుషారుగా ఉన్నాడు.

"కుర్చీల కాళ్లు నావి, మనుషుల కాళ్లు నీవి. చేతులు మీ చెల్లికి వదిలేద్దాం," అన్నాడు.

"ఊళ్లో కాళ్లన్నీ మీరే పంచుకోండి. నా మోకాలు మాత్రం ఎవరికీ పట్టలేదు," అన్నది నాయనమ్మ.

భూగోళం మేడమ్ గురించి కొంచెం చెప్పవలసి ఉన్నది. చివరి తరగతి పిల్లలు బడి విడిచాక ఏమవుతారన్నది ఆ బడిలో ఎవరి పనీ కాదు గనుక, ఆవిడ దాన్ని తన పనిగా చేసుకున్నది. పరీక్షలకు ముందు కొన్ని నెలలపాటు, బడి వదిలిన తరువాత, పటాలు వేలాడే తన గదిలో పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకొనేది. పాతబడి రంగు వెలిసిన దేశపటం ఒకటి తిరగేసి బల్లమీద పరచి, పెన్సిలు చేతికిచ్చి, బడి నుంచి బయలుదేరి ఎక్కడిదాకా వెళ్లదలచుకున్నారో దారి గీయమనేది. ఎక్కడ చదువుతావు, ఎక్కడ పడుకుంటావు, ఎవరు పెట్టి పోషిస్తారు. ప్రతి మలుపు దగ్గరా ప్రశ్నే. సమాధానం లేని చోట గీత మీద వేలు పెట్టి, "ఇక్కడ వంతెన లేదు. ఎవరు కడతారు?" అనేది. రొట్టెల బట్టీ వాళ్ల అబ్బాయి సముద్రం అవతలిదాకా గీత గీచి, వాళ్ల నాన్న గొంతు వీధిలో వినబడగానే రబ్బరుతో చెరిపివేశాడని చెప్పుకొనేవారు. చాలామంది గీతలు ఏ మేనమామ దుకాణంలోనో ఆగిపోయేవి. అక్క గీత మాత్రం ఆసుపత్రి దాకా ఎక్కడా వంకర లేకుండా పోయింది. మధ్యలో ఒకే ఒక్క చోట వంతెన లేదు.

ఆ వంతెన విద్యానిధి కట్టాలి. చదువులో ముందున్నవారై, ఇంట్లో గతిలేనివారైన పిల్లలకు శిక్షణకూ వసతికీ అయ్యే వ్యయమంతా భరించే సంస్థ అది. మార్కులు చూస్తారు. ఉపాధ్యాయుల మాట తీసుకుంటారు. ఆఖరున ఒక పరిశీలకుడు ఇంటికి వచ్చి, ఆ ఇంటి పరిస్థితి కళ్లారా చూచి వెళతాడు. మొదటి రెండింటి గురించి మేడమ్‌కు బెంగ లేదు. మూడోదాని గురించి అక్కకు ప్రత్యేకంగా చెప్పి పంపింది.

"ఇల్లు సర్దకండి. మామూలు రోజు ఎలా ఉంటుందో అలాగే ఉంచండి. మీ నాన్నకి మరీ మరీ చెప్పు."

అక్క మరీ మరీ చెప్పింది. నాన్న ముందు నవ్వి ఊరుకున్నాడు. పరిశీలకుడు వచ్చే రోజు దగ్గరపడిన కొద్దీ నవ్వడం మానేశాడు. ఒక సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, ముందుగదిలో గోడవైపు ఒరిగే కుర్చీని చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"ఇంటికొచ్చిన పెద్దమనిషిని దీనిమీద కూర్చోబెట్టాలా?" అన్నాడు.

"అవును నాన్నా. అది చూడ్డానికే వస్తున్నారు."

"కుర్చీల మేస్త్రి ఇంట్లో."

"మేడమ్ ఒకటికి పదిసార్లు చెప్పారు."

"మేడమ్‌కేం. ఆవిడ ఇంట్లో కుర్చీలు నేను చేసినవే. ఊగవు."

నాన్నను మూర్ఖుడనుకోవడం పొరపాటు. ఆయన ఆలోచనకు ఒక పునాది ఉన్నది. ఆయన బ్రతుకంతా కలప అడితీ వ్యాపారి ముందు నిలబడి గడిచింది. చిరిగిన చొక్కాతో వెళ్లిన రోజున ఆ వ్యాపారి కలప లేదనేవాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కొని వెళితే, డబ్బు తరువాత చూసుకుందాం, దుంగలు తీసుకుపొమ్మనేవాడు. కూలిపోతున్నవాడికి ఎవరూ భుజం ఇవ్వరు, నిలబడినవాడికే ఇస్తారన్నది ఆయనకు అనుభవం నేర్పిన పాఠం. గతిలేదని ఋజువు చేసుకుంటేనే సాయం చేసే చోటు లోకంలో ఒకటి ఉంటుందన్న మాట ఆయన చెవికి వినబడింది గాని లోపలికి పోలేదు. అందుకు తోడు, ఒక కొత్త మనిషి వచ్చి తన ఇంటి దరిద్రాన్ని కొలిచి వ్రాసుకొని పోతాడన్న ఊహే ఆయనకు ముల్లులా గుచ్చుకున్నది. అమ్మ సోఫా దిండ్లకు గలీబులు కుడుతూ ఈ మాటలన్నీ వింటూ కూర్చున్నది. అక్క పక్షమో నాన్న పక్షమో తేల్చుకోలేక సూదిలో దారమే మాటిమాటికీ మార్చింది.

ఆ రోజు ఎండ తీవ్రంగా ఉన్నది. పరిశీలకుడికి ఇల్లు తెలియదు గనుక బస్సు దిగే చోటికి అక్కను పంపారు. ఆమె సందు మలుపు తిరిగిందో లేదో, నాన్న ఇనుప మంచాలు చేసే ఎదురింటి వెల్డరును వెంటబెట్టుకొని షెడ్డుకు వెళ్లాడు. కొంతసేపటికి ఇద్దరూ చెమటలు కక్కుతూ, దుప్పటి కప్పిన పొడుగాటి వస్తువును మోసుకొని వచ్చారు. వాకిలి ఇరుకు. నిలువుగా ఎత్తి, పక్కకు వంచి, గోడకు ఎక్కడా రాచుకోకుండా నాన్న తన చేతిని అడ్డం పెట్టాడు. ఆయన మెటికలు గీచుకుపోయాయి.

అది పళ్ల డాక్టరుగారి సోఫా. నల్లటి చేవ కలప, చేతుల మీద చెక్కిన లతలు, ముదురాకుపచ్చ మఖ్మలు. నెలరోజులుగా నాన్న ఆ ఒక్క దానిమీదే పని చేస్తున్నాడు. మరునాడు డాక్టరుగారి ఇంటికి పంపవలసి ఉన్నది.

"రేపు ఇవ్వాల్సిన సరుకండీ," అన్నది అమ్మ.

"అరగంట పని. మళ్లీ తీసుకెళ్లి పెట్టేస్తాం," అన్నాడు నాన్న. అమ్మ కళ్లలోకి మాత్రం చూడలేదు.

కుంటి కుర్చీలన్నీ వెనకగదిలోకి పోయాయి. వాటిలో ఒకదానిమీద నాయనమ్మను కూర్చోబెట్టి, చుట్టం వెళ్లేదాకా మాట్లాడవద్దని చెప్పారు. తాను ఇంట్లో మాట్లాడకూడదంటే వచ్చేవాడు పోలీసా అని ఆవిడ అడిగింది. వెల్డరు ఫక్కున నవ్వబోయి, నాన్న ముఖం చూచి మానుకున్నాడు. నాన్న దుప్పటి తీశాడు. ఆ చిన్న గదిలో ఆ సోఫా ఎంత పెద్దదిగా కనిపించిందంటే, మా గోడల మీది పెచ్చులు కూడా ఏదో పాత భవనంలోని పెచ్చులలాగా తోచాయి.

అక్క పరిశీలకుణ్ణి వెంటబెట్టుకొని గడపలో అడుగు పెట్టింది. సోఫాను చూచింది. ఆమె ముఖంలో ఏ మార్పూ రాలేదు; చెప్పులు విడవడానికి వంగి, ఉండవలసిన దానికంటె ఎక్కువసేపు వంగి ఉన్నది.

పరిశీలకుడు అనగానే నేనెవరినో దొరలాంటి మనిషిని ఊహించుకున్నాను. ఆయన అరిగిన చెప్పులతో, కుట్టు ఊడిన చేతిసంచితో వచ్చిన బక్కపలచని మనిషి. మఖ్మలు మీద కూర్చునే ముందు తన ప్యాంటు వెనుక దుమ్ము రెండు చేతులతో దులుపుకున్నాడు. అంచున కూర్చున్నాడు. నాన్న నిలబడే ఉన్నాడు.

ఆయన ప్రశ్నలు మృదువుగానే అడిగాడు. ఆసుపత్రి చదువు ఎందుకని అక్కను అడిగితే, అక్క కండక్టరు కాలి సంగతి చెప్పింది. మామూలుగా నాలుగు మాటలకు మించి మాట్లాడని మనిషి, ఎక్కడ ఒత్తితే నొప్పి పుడుతుందో, మెత్తను ఎన్ని పొరలుగా వేయాలో, ఒకే పొరగా వేస్తే ఎందుకు నిలవదో గాలిలో చేతులతో చూపిస్తూ చెప్పింది. ఆయన కలం పక్కన పెట్టి విన్నాడు. వెనకగదిలోనుంచి నాయనమ్మ, అబ్బాయికి టీ ఇచ్చారా అని అడిగింది. ఆయన నవ్వాడు. నేను టీ తెచ్చి గుమ్మంలో నిలబడ్డాను. అంతా సవ్యంగా జరుగుతున్నదనే నాకు తోచింది.

కప్పు అందుకుంటూ ఆయన రెండో చేత్తో సోఫా చేతిమీది లతను నిమిరాడు.

"మీరు ఫర్నిచర్ పని చేస్తారని ఇందులో ఉంది," అన్నాడు నాన్నతో. "ఇది దుకాణానికి వచ్చిందా, మీ సొంతమా?"

అడిగినవాడికి దురుద్దేశం లేదు. ఇప్పుడు తలచుకుంటే, తలుపు తెరిచి పట్టుకొని నిలబడినట్లే అడిగాడు. దుకాణానిదని ఒక్క మాట అంటే చాలు. నాన్న మెడ మీద చెమట గీతగా దిగడం నేను చూచాను. అక్క నాన్న వైపు కాక నేలవైపు చూస్తున్నది.

"సొంతమేనండి," అన్నాడు నాన్న.

"మంచిది," అని ఆయన కలం తీసుకొని వ్రాసుకున్నాడు. టీ పూర్తిగా తాగాడు. వెళ్లేముందు అక్క తెలివిని మెచ్చుకున్నాడు, అమ్మకు నమస్కరించాడు, వెనకగది వైపు తిరిగి పెద్దమ్మగారికి కూడా వెళ్లొస్తానని చెప్పాడు.

ఆయన అటు వెళ్లగానే నాన్న ముఖం వికసించింది. మర్యాద ఎరిగిన మనిషి, మన ఇల్లు ఆయనకు నచ్చింది అన్నాడు. సోఫాను తిరిగి షెడ్డుకు చేర్చేందుకు వెల్డరు దొరకలేదు. రెండో వైపు అక్క పట్టుకున్నది. నేను దుప్పటి పట్టుకొని వెనక నడిచాను. షెడ్డులో దించిన తరువాత అక్క అడిగింది.

"సొంతమని ఎందుకన్నావు నాన్నా?"

"మరేమనను? ఇది పళ్ల డాక్టరుగారిదండీ, ఆయనింకా కూర్చోలేదు, ముందు మీరు కూర్చోండి అనా?"

పరిశీలకుడు కూర్చున్న చోట మఖ్మలు నూగు అణగి ఉన్నది. నాన్న మెత్తటి బ్రష్షుతో దాన్ని ఎదురుగా దువ్వి, మళ్లీ మామూలుగా దువ్వి, వంగి వెలుతురులో పరీక్షించి, దుప్పటి కప్పాడు.

పరీక్షా ఫలితాలు వచ్చాయి. అక్కకు శిక్షణాలయంలో చోటు దొరికింది. నిర్ణీత తేదీలోగా వచ్చి చేరవలసిందని కబురు కూడా వచ్చింది. అమ్మ అక్క కోసం ఒక పరుపు కుట్టింది. గలీబుల పని చేయగా మిగిలిన గుడ్డముక్కలన్నీ దాని మీదికి ఎక్కాయి. నాన్న పెట్టెకు కొత్త తాళం బిగించాడు. పళ్ల డాక్టరుగారు సోఫా చూచి సంతోషించి, తన తమ్ముడి ఇంటి పని కూడా అప్పగించారు. డాక్టరుగారి వీధిలో సగం ఇళ్లకు నాన్న వెళ్లే దారి ఆయన వాకిట్లోనుంచే పోయేది. ఆయన మాట మీదనే ఆ ఇళ్లవాళ్లు తమ వస్తువులను నాన్న షెడ్డులో నెలల తరబడి వదిలేవారు. విద్యానిధి నుంచి మాత్రం ఏ కబురూ లేదు. నాన్న బెంగపడలేదు. పెద్ద సంస్థలు నెమ్మదిగా కదులుతాయని మాకే ధైర్యం చెప్పాడు.

కబురు భూగోళం మేడమ్ స్వయంగా మోసుకొని వచ్చింది. ఎండలో నడిచి రావడం వల్ల ముఖం కందిపోయి ఉన్నది. నన్ను పరుగెత్తి వెళ్లి నాన్నను తీసుకురమ్మన్నది. నాన్న చేతులకు వార్నిషు తుడుచుకుంటూనే వచ్చాడు. ముందుగదిలో మళ్లీ మామూలు కుర్చీలే ఉన్నాయి. మేడమ్ ఒరిగే కుర్చీలో, దాని తత్వం ఎరిగినదానిలా, ఒక పక్కకు బరువు వేసి కూర్చున్నది.

ఆవిడ ఊరడింపు మాటలేవీ లేకుండా చెప్పింది. నిధివారు నిరాకరించారు. పిల్ల అర్హురాలే. ఇంట్లో ఖరీదైన గృహోపకరణాలు ఉన్నాయనీ, ఆ వస్తువులు సొంతమని తండ్రే చెప్పాడనీ, ఇంతకంటె అవసరంలో ఉన్నవారు అనేకులు ఉన్నారనీ పరిశీలకుడు తెలియపరచాడు. ఆవిడ వారి కార్యాలయానికి వెళ్లి పోట్లాడింది. పునఃపరిశీలనకు ఒప్పించింది. దానికి గడువు కొద్దిరోజులే.

"నేను ఈ ఇంటికి ఎన్నోసార్లు వచ్చాను. ఇక్కడ సోఫా లేదు," అన్నది మేడమ్. "అది ఎవరిదో ఆ మనిషి దగ్గర ఒక్క ముక్క రాయించుకొస్తే చాలు. మీరు వెళ్లక్కర్లేదు మేస్త్రీ. నేనే వెళ్లి అడుగుతాను. పేరు చెప్పండి."

నాన్న తన చేతులవైపు చూసుకున్నాడు. గోళ్ల సందున వార్నిషు ఎండిపోయి ఉన్నది. దాన్ని బొటనవేలితో గీకుతూ కూర్చున్నాడు. ఆయన ఏం లెక్కవేసుకుంటున్నాడో ఆ గదిలో మా అందరికీ తెలుసు. పళ్ల డాక్టరుగారికి ఈ సంగతి చేరితే, అది ఆ వీధి అంతటికీ చేరుతుంది. తాము కూర్చోకముందే తమ సోఫా మీద ఎవరెవరు కూర్చున్నారో అని ప్రతి ఇల్లూ వెనక్కి తిరిగి ఆలోచిస్తుంది. నడుం వాల్చినందుకు పంపించివేయబడిన పనివాడు ఇంకా ఆ ఊళ్లోనే ఉన్నాడు. మేడమ్ మరొకసారి అడిగింది.

ఆవిడ అక్కవైపు తిరిగింది.

"నువ్వు చెప్పు. ఎవరిది?"

నాన్న అప్పుడు ఏదో చెప్పబోయాడని అమ్మ చివరి వరకూ నమ్మింది. నేను ఆయనకు ఎదురుగానే ఉన్నాను. నేను చూచినంతలో ఆయన పెదవులు కదలలేదు.

"మాదే మేడమ్," అన్నది అక్క. "తర్వాత అమ్మేశాం."

"అమ్మేశారా."

"అవును."

"అయితే డబ్బుంటుందిగా. దాంతో వెళ్లి చేరు."

"ఖర్చయిపోయింది మేడమ్."

మేడమ్ చాలాసేపు ఆమె ముఖంలోకి చూచింది. పిల్లలు అబద్ధం చెబితే వెంటనే పట్టుకొని నిలదీసే మనిషి, ఆ పూట నిలదీయలేదు. సంచి భుజాన వేసుకొని లేచింది. ఎవరూ సాగనంపలేదు. గుమ్మం దగ్గర ఉన్నది నేనే గనుక, నా భుజం మీద చెయ్యి వేసి, వచ్చే ఏడు నువ్వు నా గదికి వస్తావు కదా అన్నది. వస్తానన్నాను. ఆ మాట లోపలున్న అందరికీ వినబడింది.

చేరవలసిన తేదీ ఒక మామూలు రోజులాగా వచ్చి, మామూలు రోజులాగా పోయింది. ఆ ఉదయం అమ్మ పరుపును చుట్టి అటక మీదికి ఎక్కించింది. అక్క సాయం పట్టింది.

ఆ వారంలోనే అక్క రేవుకు వెళ్లే దారిలో ఉన్న చేపల కోల్డ్ స్టోరేజిలో పనికి కుదిరింది. ఐసుగడ్డల మధ్య నిలబడి చేపలను పెట్టెల్లో సర్దే పని. బయట నిప్పులు చెరిగే ఎండ. ఆమె మాత్రం అమ్మ పాత ఉన్ని స్వెట్టరు మడిచి చంకలో పెట్టుకొని వెళ్లేది. వీధిలోవాళ్లు చూచి నవ్వేవారు. వెల్డరు, చలికాలం పట్టుకొస్తావా అమ్మాయీ అని ఒకనాడు పరాచికమాడాడు. అక్క కూడా నవ్వింది. కొద్దిరోజులకు ఆమె వేళ్ల కొసలు తెల్లబడి పగిలాయి. కండక్టరు మళ్లీ కాలు సంచిలో పెట్టుకొని వచ్చిన ఆదివారం, అక్క దాన్ని ఒళ్లోకి తీసుకొని మెత్త విప్పింది గాని, సూది వేళ్లలో నిలవలేదు. రెండుసార్లు జారిపడింది. మూడోసారి అమ్మ వచ్చి, ఆమె చేతిలోనుంచి తీసుకొని, తనకు తెలిసినట్లు కుట్టింది. దిండుకు కుట్టినట్లు కుట్టింది. కండక్టరు బాగున్నదని చెప్పి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంట్లో ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. నిజానికి మా ఇంట్లో వచ్చిన మార్పు అదే. నాన్న కాళ్ల హాస్యం మానేశాడు. భోజనాల వేళ అక్క వచ్చేదాకా కంచం ముందు కూర్చునేవాడు కాదు. ఆమె వచ్చి కూర్చున్నాక తాను కాస్త ఎడంగా కూర్చునేవాడు. ఇంటికి సంబంధించి ఏది అడిగినా, పెద్దదాన్ని అడగమని అమ్మతో అనేవాడు. కిరాయి పెంచుతానని ఇంటి యజమాని వస్తే, మా పెద్దమ్మాయి సాయంత్రం వస్తుంది, ఆమెతో మాట్లాడండి అన్నాడు. నాన్న అడిగిన వాటన్నింటికీ అక్క జవాబు చెప్పేది. సూటిగా, తక్కువ మాటల్లో, వినయానికి లోపం రాకుండా చెప్పేది. నాన్నా అని పిలవడం మాత్రం ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియదు. ఆ వేసవి పొడుగునా నాయనమ్మ ఒక్క మాట కూడా విసరలేదు. అది అన్నింటికంటె ఎక్కువగా భయపెట్టేది.

ఇప్పుడు నేను ముప్పై ఏళ్లకు పైబడి కళాశాలలో ఆంగ్లం బోధించి విరమించినదాన్ని. మా అక్కకు జరిగినది అన్యాయమా, పొరపాటా, మరొకటా అని నన్ను అడిగినవారు ఉన్నారు. ఆ వేసవిలో మా ఇంట్లో ఎవరూ దానికి పేరు పెట్టలేదు. నేనూ పెట్టదలచుకోలేదు.

బడులు తెరిచారు. నేను చివరి తరగతిలో చేరాను. భూగోళం మేడమ్ మొదటి వారంలోనే నన్ను తన గదికి పిలిచి, తిరగేసిన పటం మీద పెన్సిలు చేతికిచ్చింది. నేను కళాశాల దాకా గీత గీశాను. అక్క గీత విరిగిన చోటే నా గీతా విరిగింది. మేడమ్ అక్కడ వేలు పెట్టలేదు. ఈసారి విద్యానిధికి ముందుగానే దరఖాస్తు పంపుతాననీ, వర్షాలు తగ్గాక పరిశీలకుడు రావచ్చుననీ ఇంట్లో చెప్పమన్నది.

ఆ సాయంత్రం చెప్పాను. అక్క అప్పుడే పని నుంచి వచ్చి, వంటింటి గట్టు దగ్గర వేడినీళ్ల గిన్నెలో చేతులు ముంచుకొని కూర్చుని ఉన్నది. అమ్మ గిన్నెలో ఇంకొన్ని వేడినీళ్లు పోస్తున్నది. నాన్న ముందుగదిలో సానరాయి మీద ఉలి నూరుకుంటున్నాడు. రెండు గదులకూ మధ్య తలుపు లేదు.

"వచ్చే రోజు నాకు ముందే తెలియాలి. సెలవు పెడతాను," అన్నది అక్క నాతో. తరువాత అమ్మతో, కిరోసిను అయిపోయిందని చెప్పే గొంతుతో, "ఆ రోజు ఆయన ఇంట్లో ఉండకూడదు," అన్నది.

అమ్మ కంగారుగా గొంతు తగ్గించమని సైగ చేసింది. అక్క తగ్గించవలసినది ఏమీ మిగల్లేదు; మాట అయిపోయింది. ముందుగదిలో సానరాయి చప్పుడు ఆగింది. అమ్మ చేతిలోని చెంబు నీళ్లు గిన్నెలో పడక గట్టు మీద పడుతున్నాయి. ఆవిడ గమనించలేదు.

"ఏ రోజన్నది ఒకరోజు ముందుగా చెప్పు," అన్నాడు నాన్న అక్కడినుంచే. "బయట ఏదో పని పెట్టుకుంటాను."

"చెప్తాను," అన్నది అక్క, నీళ్లలో చేతులు తిరగవేసుకుంటూ.